వీపు తిప్పిన ముదీర్

మఫ్రఖ్,
అబుధాబి.
1983 అక్టోబరు.

తమ్ముడు ఆదిశేషుకు,

మోకాళ్ళు తప్ప మిగతా ఒళ్ళంతా బాగానే ఉన్నది. నీ ఒంటి సంగతి నువ్వు రాస్తే తెలుస్తుంది. ఈ ఉత్తరాన్ని కంకర లారీ అల్లాబకాష్ చేతికి ఇస్తున్నాను. మీ దిబ్బా కొండల నుంచి రాయి మోసుకు రానిదే ఇక్కడ ఒక్క మేడా లేవదు కనుక, పోస్టాఫీసు కన్నా అతన్నే నమ్మవచ్చు.

నిరుడు నువ్వు బదిలీ మీద వెళ్ళాక నీ మంచం ఎవరికీ ఇవ్వలేదు. దాని మీద ఉల్లిగడ్డల సంచి పడుకుంటున్నది. గురక పెట్టదు, నీకూ దానికీ అదొక్కటే తేడా.

ఇక అసలు మాట. నేను ముదీర్‌నయ్యాను. మేనేజరునన్నమాట, నవ్వకు. ఆఫీసుకు కాదు, ఆఫీసులో ఇంకా చాయ్ కాచేవాణ్ణే. మా ఐర్లాండ్ ఇంజనీర్ల బంతాట క్లబ్బుకు. నువ్వున్నప్పుడు వాళ్ళు ఇద్దరు ముగ్గురే. ఇప్పుడు కొత్త రోడ్డు పనికని ఓడెడు మంది దిగారు. క్యాంపు దాటాక ఉప్పునేల ఉంది చూడు, అక్కడ పరంజా పైపులతో అటొక జత, ఇటొక జత స్తంభాలు నిలబెట్టారు. జత నడుమ అడ్డంగా ఒక పైపు. బంతి దాని మీదుగా పోతే ఒకటి, కిందుగా పోతే మూడు. చేత్తో పట్టవచ్చు, కాలితో తన్నవచ్చు, పక్కవాణ్ణి భుజంతో గుద్దవచ్చు. గేలిక్ ఫుట్‌బాల్ అంటారు. చూసేవాడికి మాత్రం బంతి కోసం కాక ఏదో పాత భూతగాదా కోసం ఆడుతున్నట్టుంటుంది.

ఇందులో ఎవడికీ జీతం లేదు. ఆడేవాడికీ లేదు, ఆడించేవాడికీ లేదు. జీతం లేని పదవికి ఇంత పోట్లాట నేనెక్కడా చూడలేదు. ఏటా ఎండలు తగ్గగానే క్యాంటీనులో కూర్చొని ముదీర్‌ని ఎన్నుకుంటారు. శుక్రవారం ఎవరు ఆడాలో, ఎవరు గీత బయట కూర్చోవాలో చెప్పడమే వాడి పని. బయట కూర్చున్నవాడు వారమంతా వాడితో మాట్లాడడు. ఏడాది తిరిగేసరికి మాట్లాడేవాడే మిగలడు, అప్పుడు మారుస్తారు.

వీళ్ళలో రెండు జిల్లాల వాళ్ళున్నారు. పేర్లు నా నోట తిరగవు కనుక సముద్రం వైపు వాళ్ళను పడమటోళ్ళని, తక్కినవాళ్ళను నడిమోళ్ళని పెట్టుకున్నాను. మొన్నటి దాకా ముదీర్ ఫింటన్ అనే సర్వే సాబ్. ఆయన నడిమోడు. పడమటోళ్ళనే బయట కూర్చోబెడుతున్నాడని లొల్లి. వీళ్ళ మనిషిని వాళ్ళు ఒప్పరు, వాళ్ళ మనిషిని వీళ్ళు ఒప్పరు. ఆ లొల్లి నడుమ నేను చాయ్ పళ్ళెంతో లోపలికి వెళ్ళాను.

డోనల్ అని, అందరిలోకీ పెద్దవాడు, తలుపు దాటాలంటే వంగాల్సిన మనిషి, నన్ను చూసి ఏదో అడిగాడు. నన్ను చచ్చా అని బాబాయి వరస కలిపే మన హైదరాబాదీ టైంకీపర్ హిదాయతుల్లా తర్జుమా చేశాడు.

"చచ్చా, నీది ఏ జిల్లా అంటున్నడు."

"కరీంనగర్ అని చెప్పు."

"అది పడమరనా, నడుమనా అంటున్నడు."

"మా ఊరికైతే తూర్పు."

తర్జుమా ముగిసిందో లేదో బల్లలు పగిలేటట్టు చప్పట్లు!

"మునిగినవ్ చచ్చా. నిన్ను ముదీర్ చేసిండ్రు. హౌ అని తల ఊపు, ఖలాస్."

"నాకు ఆట రాదు కదరా!"

"వస్తే చేస్తుండెనా?"

నిజం చెప్పనా తమ్ముడూ. సరుకులు కట్టిన కాగితాల మీద చదువు నేర్చినవాణ్ణి, నాకు అన్నీ సగం సగమే తెలుసు. ఇన్నేళ్ళ గల్ఫ్ బతుకులో చాయ్ అని తప్ప నన్నెవరూ ఏదీ అడగలేదు. ఆ రోజు అంతమంది నా నోటి వంక చూస్తూ ఆగారు. ఈ పదవి నా చేయి జారకూడదు. నువ్వు కబడ్డీ జట్టును ఇన్నేళ్ళుగా నడుపుతున్నవాడివి. ఎట్లా నిలబెట్టుకోవాలో వివరంగా రాయి.

నీ అన్న,
హన్మంతు

*

దిబ్బా,
1983 నవంబరు.

పూజ్యులైన హన్మంతు అన్నగారికి ఆదిశేషు నమస్కారాలు.

మీ ఉత్తరం గదిలో పైకే చదివానండి, ఉల్లిగడ్డల సంచి వరకు. కుర్రాళ్ళు ఆగకుండా నవ్వారు. తక్కింది బయటికి వెళ్ళి చదువుకున్నాను.

ఇక్కడ కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోతాయండి. పొద్దున్నే చూస్తే ఎవరో నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది. గోదారి వాణ్ణి కదా, నీళ్ళు కనిపిస్తే కొంత నిద్ర పడుతుంది.

మేనేజరు పని అంటే తడి సిమెంటు మీద నిలబడ్డమేనండి. కదిలితే అచ్చు పడుతుంది, కదలకపోతే కాళ్ళు బిగుసుకుంటాయి. నాకు తెలిసింది చెబుతాను. ఎంచేటప్పుడు మనిషి ముఖం చూడకండి. చూశారా, ఆ ముఖం వెనకాల వాళ్ళ అమ్మ, వాడి జ్వరం, వాడు ఇంటికెళ్ళి ఎన్నాళ్ళయిందో అన్నీ కనిపిస్తాయి. ఇంక మీరు ఎంచలేరు. పేర్లు కూడా నేర్చుకోకండి. మా కూతగాణ్ణి నేను నీలం చొక్కా అనే పిలిచేవాణ్ణి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పదవి మీకు ఇష్టమని వాళ్ళకి తెలియనివ్వకండి.

నాతోపాటు బదిలీ మీద వచ్చిన మా జట్టుకేమండి, సముద్రం ఒడ్డున ఇసకలో బాగానే ఆడుతున్నారు. నేను కాస్త దూరంగా కూర్చుని చూసుకుంటున్నాను.

తమ్ముడు,
ఆదిశేషు

*

మఫ్రఖ్,
1983 డిసెంబరు.

తమ్ముడు ఆదిశేషుకు,

నీ మాట అక్షరాలా పాటించాను. ముఖాలు చూడలేదు. ఎట్లాగో చెబుతాను, ముందు పొగమంచు సంగతి విను.

ఈ కాలంలో శుక్రవారం తెల్లవారితే మఫ్రఖ్ కనిపించదు. లారీలు, షెడ్లు, నీళ్ళ ట్యాంకులు అన్నీ ఎవరో దుప్పటి కప్పి దాచినట్టుంటాయి. ఆ మంచులో మా స్తంభాలు మాత్రం పైసగం కనిపిస్తాయి, కింద ఏమీ ఉండదు, గాలికి వేలాడుతుంటాయి. ఎక్కడిదో ఒక ఒంటె వచ్చి స్తంభాల నడుమ నిలబడుతుంది. దాన్ని తోలడానికి ఎవరికీ మనసు రాదు. అది తనంతట వెళ్ళాకే ఆట మొదలు.

మొదటి శుక్రవారం అందరూ వరుసగా నిలబడ్డారు. పడమటోళ్ళు ఒక కొసన, నడిమోళ్ళు ఒక కొసన. ఒకరి వంక ఒకరు చూడరు, అందరూ నా వంకే చూస్తారు. అప్పుడు మా ఊరి మటన్ పోగులు గుర్తుకొచ్చాయి. దసరాకు నలుగురం కలిసి మేకను తెచ్చుకుంటే, కోసి పోగులు పెట్టాక ఒకడు వీపు తిప్పి నిలబడతాడు. ఇంకొకడు ఒక పోగు మీద వేలు పెట్టి ఇది ఎవరిదని అడుగుతాడు. చూడనివాడు ఏ పేరు చెబితే ఆ పోగు వాడిది. కాలేయం ఎవరికి పోయినా, బొక్కలు ఎవరికి వచ్చినా అలగడానికి లేదు. చూడనివాడి మీద ఎవడు అలుగుతాడు?

నేను ఎడారి వైపు తిరిగి నిలబడ్డాను. హిదాయతుల్లాను ఒక్కొక్కరి భుజం మీద చేయి వేసి అడగమన్నాను. ముందట, వెనక, కూర్చో, మూడే జవాబులు.

"చచ్చా, ఇదేం ఆట? మటన్ దుకాణమా?"

"అడుగు బే!"

"సరే. ఈయన ఎక్కడ?"

"ముందట!"

"ఈయన?"

"కూర్చో!"

"చచ్చా, ఈయన ఫింటన్ సాబ్..."

"పేరు చెప్పకు! కూర్చో అన్న కదా!"

నా పని ఖలాస్ అనుకున్నాను. తరువాత వెనక నుంచి నవ్వు మొదలైంది. ముందు ఒకరు, ఆ తరువాత అందరూ. బంతి ఆపేవాడు ముందుకు వెళ్ళాడు, ముందు ఆడేవాడు స్తంభాల కిందికి వచ్చాడు. ఆ రోజు ఎదుటి జట్టు చేతిలో చిత్తుగా ఓడారు. కానీ ఆట అయ్యాక, వీళ్ళు వచ్చినప్పటి నుంచి మొట్టమొదటిసారి, రెండు జిల్లాల వాళ్ళు ఒకే చాప మీద కూర్చొని చాయ్ తాగారు.

అప్పటి నుంచి అదే పద్ధతి. మళ్ళీ ఓడారు, తరువాత సమానమయ్యారు. మొన్న గెలిచారు. ఎవరు ఎక్కడ ఆడతారో మాకే తెలియనప్పుడు ఎదుటివాడికి ఏం తెలుస్తుంది?

హన్మంతు

*

దిబ్బా,
1984 జనవరి.

అన్నగారికి,

ముఖం చూడవద్దంటే వీపు తిప్పమని కాదండి బాబూ నేనన్నది. పోనీలెండి, మీకది కలిసొచ్చింది.

మీరు వరసగా గెలుస్తున్నారని అల్లాబకాష్ చెప్పాడు. నాకు భయంగా ఉందండి. ఓడుతున్నంత కాలం మేనేజరుకి ఏ కోరికా ఉండదు. గెలుపు మొదలయ్యాకే ఫలానావాడు ఆడితే బాగుండునని లోపల ఒక గొంతు లేస్తుంది. అది లేచిందంటే వీపు ఎటు తిప్పినా ఒకటే.

ఇక్కడ చలిగాలి. బ్రెడ్డు, చేపలు. ఇంకేం విశేషాలు లేవు.

ఆదిశేషు

*

మఫ్రఖ్,
1984 ఫిబ్రవరి.

తమ్ముడు ఆదిశేషుకు,

వీపు తిప్పవచ్చు. చెవులను ఎటు తిప్పాలి?

ఎడారి వంక చూస్తూ నిలబడి నిలబడి వీళ్ళ చప్పుళ్ళన్నీ నా లోపలికి వచ్చేశాయి. ఒకాయన ఊపిరి సన్నగా ఈల వేస్తుంది. ఒకాయన బూటు కొసతో ఉప్పు పెళ్ళను గీకుతుంటాడు. ఫింటన్ సాబ్ గొంతు సవరించుకుంటాడు. డోనల్ మోకాలు టిక్కుమంటుంది, నా దానిలాగే. హిదాయతుల్లా చేయి ఎవరి మీద ఉందో నాకు తెలిసిపోతున్నది. తెలియనట్టు నిలబడుతున్నాను. రెండు మూడు సార్లు మోకాలు టిక్కుమనగానే నోరు తనంతటదే ముందట అనేసింది.

డోనల్ సంగతి నీకు రాయలేదు కదా. సాయంత్రాలు వంటగది గుమ్మంలో వంగి నిలబడి పాలు లేని చాయ్ తాగుతాడు. నా ఇంగ్లీషు ఒక పిడికెడు, అతని హిందీ ఒక చిటికెడు. వాళ్ళ ఊళ్ళో ఆట నేల పచ్చగా జారి జారి సముద్రంలో కలుస్తుందట. గట్టిగా తన్నితే బంతి నీళ్ళలో పడుతుందట. పడవ వేసుకొని వెళ్ళి తెస్తారట. వాన ఎప్పుడూ పడుతూనే ఉంటుందట, ఆగితేనే జనం బయటికి వచ్చి ఏమైందని చూస్తారట. ఇదంతా అతను చేతులతో చెప్పాడు. వాన చూపించేటప్పుడు ఆ పెద్ద చేతుల వేళ్ళు ఎంత మెల్లగా దిగాయో!

ఆ రాత్రి నాకు కల. ఉప్పునేల మీద నీళ్ళు నిలిచి, నాట్లు పడి, పచ్చగా ఉన్నది. ఇంజనీర్లందరూ పిక్కల లోతు మడిలో ఆడుతున్నారు. ఒక్క మొక్క కూడా వంగడం లేదు. నేను గట్టు మీద, ఎవరికీ వీపు తిప్పకుండా నిలబడి ఉన్నాను.

మార్చిలో దుబాయ్ ఐర్లాండ్ వాళ్ళతో పెద్ద ఆట. అది కాగానే డోనల్ ఇక తిరిగి రాకుండా ఊరికి వెళ్ళిపోతున్నాడు. ఆ ఆటలో ఆడించమని నన్నేమీ అడగలేదు. చాయ్ తాగి కప్పు కడిగి బోర్లించి వెళ్ళాడు, అంతే. అతని కన్నా బాగా ఆడే పిల్లలు నలుగురున్నారు. పదవి పోకూడదని నీకు రాసినవాణ్ణి నేనే. ఇప్పుడు ఆ మోకాలు టిక్కుమన్నప్పుడు ఏమనాలి?

హన్మంతు

*

మఫ్రఖ్,
1984 మార్చి.

ఆదిశేషూ,

నీ జవాబు అందేలోపే ఆట అయిపోయింది.

టిక్కుమన్నది. "ముందట" అన్నాను. ఆ వెంటనే ఈల వేసే ఊపిరి, చురుకైన పిల్లవాడు, అతనికి "కూర్చో" అన్నాను.

ఆ రోజు మంచు ఎంతకూ విడవలేదు. చివరికి ఇద్దరి లెక్కా సమానంగా వచ్చి నిలిచింది. డోనల్ చేతికి బంతి అందింది. నాలుగడుగులు కుంటుతూ ఉరికి తన్నాడు. బంతి లేచి మంచులోకి వెళ్ళింది. అందరం తలలెత్తి చూస్తున్నాం. స్తంభాల మీదుగా పోయిందో, పక్కనుంచి పోయిందో, అసలు తిరిగి నేలకు వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. అది ఇంకా పైకే పోతున్నదని నాకనిపించింది. స్తంభం పక్కన జెండా పట్టుకొని నిలబడ్డవాడు ఎత్తలేదు, అది ఎత్తితేనే లెక్క. ఆ తరువాత దుబాయ్ వాళ్ళు ఒకటి కొట్టి గెలిచారు.

చాప మీద మళ్ళీ రెండు గుంపులయ్యాయి. ఒక నడిమోడు అన్నాడట, "వీపు తిప్పుతడు గని, డోనల్ ఎప్పుడూ ముందటనే ఎందుకు పడుతడు?" అని. హిదాయతుల్లా నాకు మెల్లగా చెప్పాడు. నేను కాదనలేదు.

ఈసారి ఎండలు వచ్చి తగ్గేదాకా ఆగలేదు. క్యాంటీనులో కూర్చున్నారు. ఒకరి తరువాత ఒకరు లేచి నన్ను పొగిడారు. ఎంత మంచివాణ్ణో, ఎంత ఓపికో, క్లబ్బును ఎట్లా ఒక్కటి చేశానో. నాకు సంతోషమే వేసింది. హిదాయతుల్లా తర్జుమా ఆపి నా చెవిలో, "చచ్చా, ఇంతగనం పొగుడుతున్నరంటే ఖలాస్" అన్నాడు. కొత్త ముదీర్ ఎవరనుకున్నావు? ఫింటన్ సాబే. తీసేసినవాణ్ణే మళ్ళీ తెచ్చుకున్నారు.

డోనల్ విమానం నిన్న వెళ్ళింది. నేను ఇక ఆ ఉప్పునేల వైపు వెళ్ళను. శుక్రవారం పడుకుంటాను.

హన్మంతు

*

దిబ్బా,
1984 ఏప్రిల్.

అన్నగారికి నమస్కారాలు.

మీ చిన్న ఉత్తరం అందింది. మీరు చిన్న ఉత్తరం రాయడం ఇదే మొదలు. అల్లాబకాష్ కూడా కవరు చేత్తో తూచి, "క్యా హువా, బుడ్డా బీమార్ హై క్యా?" అని, ముసలాయనకు జబ్బేమోనని అడిగాడు.

మీకో మాట చెప్పాలండి. మీరు మొదటి ఉత్తరం రాసేసరికే నన్ను తీసేశారు. ఇక్కడికొచ్చిన రెండో నెలలోనే. నీలం చొక్కా ఇప్పుడు మేనేజరు. చెబుదామనే కలం తీశాను. మీరు అన్నేసి ప్రశ్నలు అడిగేసరికి, ఇంకా నన్ను అడిగేవాడొకడు ఉన్నాడు కదా అనిపించింది. మీకు రాసిన సలహాలన్నీ టీకొట్టు బల్ల మీద కూర్చుని, తీసేసినవాడు రాసినవేనండి.

మొదట్లో నేనూ గదిలోనే పడుకున్నాను. శుక్రవారం సాయంత్రం ఆ కూతలు కిటికీలోంచి వచ్చేస్తాయి. దుప్పటి కప్పుకున్నా వస్తాయి. ఒక రోజు నీలం చొక్కా ఎవర్ని పంపాడో గొంతుబట్టి తెలిసిపోయింది. వాణ్ణి పంపకూడదండీ, ఆయ్, అస్సలు పంపకూడదు! లుంగీ మీదే పరిగెత్తాను. అంతా అయ్యాక చెప్పడానికి మిగిలిందేం లేదు, ఇసకలో కూలబడ్డాను. ఎవడూ లెమ్మనలేదు, ఎవడూ రమ్మనలేదు. అప్పట్నించి అక్కడే కూర్చుంటున్నాను.

మీరు ఒక్కసారి వెళ్ళండి. పడుకుంటే మోకాళ్ళు పట్టేస్తాయి.

మీ తమ్ముడు,
ఆదిశేషు

*

మఫ్రఖ్,
1984 ఏప్రిల్ చివర.

దొంగ తమ్ముడు ఆదిశేషుకు,

నన్ను ఆరు నెలలు ముదీర్‌గా నడిపినవాడు పదవి లేనివాడా! చదివి నవ్వానో తిట్టానో నాకే తెలియదు. ఉల్లిగడ్డల సంచినే అడగాలి.

శుక్రవారం నాలుగింటికే మెలకువ వచ్చింది. వెళ్ళవద్దనుకుంటూ చెప్పులు వేసుకున్నాను. మంచు రోజులు పోయాయి. ఎండ లేవకముందే ఆడేస్తున్నారు. అబుధాబి ఊళ్ళోని ఇంకో కంపెనీ వాళ్ళు వచ్చారు. తాడు అవతల, చూసేవాళ్ళలో చివరన నిలబడ్డాను.

తమ్ముడూ, ఆట ఎంత బాగుంటుందో నీకు చెప్పనే లేదు. నాకు తెలిస్తే కదా! ముదీర్‌గా ఉన్నన్నాళ్ళు ఎవడు అలిగాడో, ఎవడు తల వంచుకున్నాడో అదే చూశాను. బంతిని చూడనే లేదు. అది చేతి నుంచి పాదం మీదికి వాలి మళ్ళీ చేతికే వస్తుంది, పెంచుకున్న పావురం లాగా. ఇద్దరు ఒకేసారి ఎగిరితే గాలిలో కాసేపు ఆగుతారు, దిగడం మరిచిపోయినట్టు. ఈల వేసే ఊపిరి పిల్లవాడికి ఎర్రజుట్టు ఉందని ఆ రోజే చూశాను.

ఆ ఎర్రజుట్టును ఫింటన్ వెనక నిలబెట్టాడు. వెనక! బంతి ముందు పడుతున్నది, వాడు వెనక ఉప్పు తొక్కుతున్నాడు. ఒకటి పోయింది, రెండు పోయాయి. ఎప్పుడు తాడు దాకా వెళ్ళానో తెలియదు.

"ఓ ఫింటన్ సాబ్! ఆ ఎర్రెంటుకలోణ్ణి ముందట పెట్టు! కండ్లు కనిపిస్తలేవా?"

తెలుగులోనే అరిచాను. తర్జుమా అవసరం పడలేదు, నా చేయి చూపిస్తూనే ఉంది. అటు పడమటోళ్ళు, ఇటు నడిమోళ్ళు, తాడు పక్కన ఉన్నవాళ్ళంతా వాళ్ళ భాషలో అదే అరిచారు. ఫింటన్ ముఖం కందగడ్డ అయింది. నా వైపు తిరిగి ఏదో రంకె వేశాడు. హిదాయతుల్లా పొట్ట పట్టుకొని నవ్వుతున్నాడు.

"చచ్చా, అంత తెలిస్తే నువ్వే వచ్చి చెయ్యి అంటున్నడు!"

అందరూ ఆగారు. క్యాంటీనులో ఆగినట్టే, నా నోటి వంక చూస్తూ. ఫింటన్ నిజంగానే పక్కకు జరిగి, తన చోటు చూపించాడు.

"నాకేం పని?" అన్నాను. "నేను చూసేటోణ్ణి. నువ్వు కానియ్, యల్లా!"

తర్జుమా ముగియగానే లేచిన నవ్వుకు స్తంభాల మీది పిట్టలు కూడా లేచాయి. ఫింటన్ టోపీ తీసి నేలకు కొట్టాడు, తరువాత ఎర్రజుట్టును ముందుకు పంపాడు. ఎవరో నాకు చోటిచ్చారు. కూర్చున్నాను. నా పక్కన ఒక నడిమోడు, అప్పుడు నా మీద మాట పడేసినవాడే, జేబులోంచి పల్లీలు తీసి సగం నా చేతిలో పోశాడు. చూపు మాత్రం బంతి మీదనే. నేను కూడా అతని వంక చూడలేదు.

నీ అన్న,
హన్మంతు